సర్వేయరు గారి ఎల్బో కొలత

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ సర్వేయరు ఆనాటి కార్యక్రమం ప్రకటించాడు. వంటింటి సింకు కింద కారుతున్న పైపు తీసేసి కొత్తది వేయడం. అరగంట పని.

"ప్లంబరుని పిలుద్దామండీ. పన్నెండింటికి మా తమ్ముడూ మరదలూ భోజనానికి వస్తున్నారు," అంది భార్య.

"ఇరవై ఏళ్లుగా ఊళ్లకు ఊళ్లు కొలిచినవాణ్ణి. గోడ మీద మూరెడు పైపు కొలవలేనా?"

రెండు వాటాలకూ కలిపి ఉన్న మెయిన్ వాల్వు కట్టేశాడు. పాత పైపునీ, దాని రెండు చివర్లా మలుపు తిప్పే ఎల్బోలనీ పీకేశాడు. గోడలోంచి వచ్చిన రెండు పైపుల మీదా కొత్త ఎల్బోలు ఉత్తినే తొడిగి, ఈ ఎల్బో మధ్య నుంచి ఆ ఎల్బో మధ్య దాకా టేపు పట్టాడు. సరిగ్గా అరవై సెంటీమీటర్లు. అరవైకే కోశాడు. తీరా అమరిస్తే ఒక ఎల్బో తన చోట కూర్చుంది కానీ, రెండోది తన చోటికి రెండు సెంటీమీటర్లు అవతల గాల్లో నిలబడింది.

ఆ పైపుని మూలకి విసిరేసి పైపుల కొట్టుకు పరుగెత్తాడు.

"ఎల్బోలు తీసేశారా సార్?" అన్నాడు కొట్టాయన.

"పొద్దున్నే తీసి పారేశాను."

"అవి కాదు సార్, లెక్కలోంచి! ఎల్బో మధ్య నుంచి దాని మూతి దాకా మూడు సెంటీమీటర్లు. అటు మూడు, ఇటు మూడు. ఆరు తీసెయ్యాలి. ఆ తర్వాత..."

ఆ తర్వాత ఏమిటో వినే ఓపిక సర్వేయరుకి లేదు. అప్పటికే భార్యకి ఫోన్ కలిపాడు. "ఎల్బోలు మళ్లీ పెట్టి ఓసారి కొలత చూసి చెప్పు."

ఆవిడ తన బుర్ర ఉపయోగించి ఎల్బో మూతి నుంచి ఎల్బో మూతికి కొలిచింది. "యాభై నాలుగండీ."

పొద్దున తన కన్నే తప్పిందనుకున్నాడు సర్వేయరు. యాభై నాలుగులోంచి ఆరు తీసేసి, నలభై ఎనిమిదికి కోయించి తెచ్చాడు. ఆ ముక్క ఏ ఎల్బోనీ పలకరించకుండా నేల మీద పడింది.

"మూతుల మధ్య కొలిచావా? నేను తీసిన ఆరు నువ్వు ముందే తీసేశావన్నమాట!"

"మీరు తీస్తారని నాకు చెప్పారా?"

మళ్లీ కొట్టు. ఈసారి యాభై నాలుగు. పైపు రెండు మూతుల మధ్యా వెంట్రుకవాసి సందు లేకుండా నిలిచింది. సర్వేయరు మురిసిపోయి చెయ్యి తీశాడు. పైపు టప్పున కింద పడింది.

అప్పుడే ఎవరో తలుపు దబదబా బాదారు. పై వాటాలో ఉండే దర్జీ. నడుముకి తువ్వాలు, నెత్తి మీద ఎండి పెచ్చులు కట్టిన సబ్బు నురగ.

"సర్వేయరు గారూ, నీళ్లెప్పుడొస్తాయండీ? గంట నుంచి ఇలాగే ఉన్నాను. పదకొండున్నరకి పెళ్లికొడుక్కి సూటు అందించాలి. ఈ అవతారంలో వెళితే ఆ పెళ్లివారు నన్ను గుమ్మం ఎక్కనిస్తారా?"

సర్వేయరు తల దించుకుని, జరిగిందంతా చెప్పాడు. తిడతాడనుకున్న దర్జీ సింకు కింద చతికిలబడి, ఎల్బోలోకి వేలు పెట్టి చూశాడు.

"పైపు ఇందులోకి ఎంత దూరుతుంది?"

"రెండు సెంటీమీటర్లు."

"అదీ సంగతి! మీరు కుట్టుకి వదల్లేదు. చొక్కా చెయ్యి పైకి ఎంత కనబడాలో అంతే గుడ్డ కోస్తే, కుట్టులోకి ఏం పోతుందండీ? ఇక్కడ పైకి కనబడేది యాభై నాలుగు. అటు కుట్టుకి రెండు, ఇటు కుట్టుకి రెండు."

"యాభై ఎనిమిది," అన్నాడు సర్వేయరు, బెంచీ ఎక్కి నిలబడ్డ పిల్లాడి గొంతుతో.

"మోచేతి దగ్గర మలుపు మా రోజువారీ పనే కదండీ. ఓ సుద్దముక్క ఇవ్వండమ్మా."

కొత్త పైపు తేవాల్సిన పనే లేకపోయింది. పొద్దున మూలకి విసిరేసిన అరవై పైపు మీద దర్జీ గీత గీశాడు, సర్వేయరు రెండు సెంటీమీటర్లు కోశాడు. అతుకులకి గమ్ము పూసి, పావుగంట ఆరనిచ్చి వాల్వు తిప్పారు. ఒక్క చుక్క కారలేదు. దర్జీ ఒక్క ఉరుకున మెట్లెక్కాడు.

పన్నెండింటికి వచ్చిన బావమరిది సింకు కిందికి తొంగి చూశాడు. "బావా, ఇది మీరే కోసి వేశారా?"

"మీ బావే కోశార్రా," అంది భార్య. "నాలుగు సార్లు."

దర్జీ సూటుతోపాటు ఈ కథ కూడా పెళ్లివారింట్లో అందించి వచ్చాడు. మర్నాడు అతని షాపు ముందు గుడ్డలతో ఇద్దరు, పైపులతో ముగ్గురు నిలబడ్డారు. ఆ ముగ్గురిలో ముందున్నవాడు, స్నానాలగది కొలతలు చేతబట్టుకున్న సర్వేయరు.