కుంటాల్సింది ఎడమ కాలు

ఆ మంగళవారం పొద్దున ఆవుల పాలు పితకడం అయ్యేసరికి మాలకీ టూహీ బుర్రలో ఒక అబద్ధం కూడా తయారైపోయింది. చిన్నదే. ఎవరికీ నష్టం లేనిది. టీ తాగేలోగా ఫోనులో చెప్పేసి, ఆ తర్వాత దూడల పాక కడుక్కోవచ్చనుకున్నాడు.

ఐర్లాండులో కర్రలతో బంతిని కొట్టి ఆడే హర్లింగ్ ఆటలో ఆదివారం కిల్‌బ్రాకన్ ఊరి జట్టు కౌంటీ క్లబ్బుల ఫైనల్ ఆడబోతోంది. మాలకీ తండ్రి కర్ర పట్టిన రోజుల తర్వాత ఆ ఊరు ఫైనల్ మొహం చూడటం ఇదే. ఎదుటి జట్టు పక్క ఊరు డ్రమ్‌కీల్‌ది. అంటే ఓడితే ఆ సంగతి వాళ్లు పాల డెయిరీలో, చర్చి గుమ్మంలో, చివరికి శవయాత్రల్లో కూడా గుర్తు చేస్తారు. జట్టుకి మేనేజరు మాలకీ. జట్టుకి ప్రాణం అతని మేనల్లుడు ఫియాక్రా. చిక్కల్లా ఆ ప్రాణం జిల్లా మొత్తానికి ఆడే కౌంటీ జట్టుక్కూడా కావలసి రావడమే.

కుర్రాళ్ల ఒళ్లు హూనం కాకూడదని పెద్దలు కూర్చుని ఏడాదిని రెండు ముక్కలు చేశారు. ముందు ముక్క కౌంటీకి, వెనక ముక్క ఊరి క్లబ్బులకి. కాగితం మీద ఎంతో బాగుంది. కానీ కౌంటీ మేనేజరు రోష్ తన ముక్క తినేశాక కూడా మంగళవారం, గురువారం కుర్రాళ్లని జిమ్ముకి పిలుస్తూనే ఉన్నాడు. "ఇష్టమున్నవాళ్లే రండి" అంటాడు. ఇష్టం లేనివాడి పేరు జనవరిలో జట్టులో కనబడదు. మిగిలిన సాయంత్రాలు మాలకీ ఫియాక్రాని మైదానం వెనక గుట్ట ఎక్కించి దించుతాడు. అది మాత్రం మాలకీ దృష్టిలో అలసట కిందికి రాదు. అది ఊరి మీద ప్రేమ.

"రోష్, మనవాడు ఈ వారం రాలేడయ్యా. తొడ వెనక నరం లాగేసింది" అన్నాడు ఫోనులో, గొంతులో వీలైనంత దిగులు నింపి.

రోష్ బడిపంతులు. అబద్ధాలు వినడం అతని ఉద్యోగంలో భాగం.

"ఏ కాలు?"

మాలకీ అంతదూరం ఆలోచించలేదు. "ఎడమ కాలు" అన్నాడు, చేతికి దొరికింది అందుకున్నట్టు.

"అయ్యో పాపం. గురువారం మా ఫిజియో బ్లానిడ్‌ని మీ మైదానానికి పంపిస్తాలే. ఒకసారి చూసి పోతుంది."

"ఆ పిల్లకెందుకు శ్రమ?"

"శ్రమేముంది మాలకీ? మనకి కుర్రాడి ఆరోగ్యం ముఖ్యం" అన్నాడు రోష్, ఆరోగ్యం అన్న మాటని పళ్ల మధ్య పెట్టి కొరికినట్టు.

దూడల పాక అలాగే ఉండిపోయింది. మాలకీ అక్క డెర్వలా ఇంటికి పరిగెత్తాడు. ఆమె కొడుకే ఫియాక్రా. వడ్రంగం పని చేస్తాడు. అప్పుడే సామాన్లు వ్యానులో సర్దుకుంటున్నాడు.

"ఒరేయ్ అల్లుడూ, గురువారం దాకా నువ్వు కుంటాలిరా."

ఫియాక్రా రంపం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నీకెవరు చెప్పారు మామా?"

"ఎవరో చెప్పేదేంటి, నేనే చెప్పాను రోష్‌కి. తొడ నరం లాగిందని. ఈ వారమంతా నువ్వు విశ్రాంతిగా ఉండి ఆదివారం మనకి ఆడతావు."

"అది కాదు మామా, నిజానికి…"

"నిజంతో మనకిప్పుడు పని లేదురా. ఏదీ, ఆ గేటు దాకా కుంటి చూపించు."

ఫియాక్రా రంపం వ్యానులో పడేసి, గేటు వైపు నడిచాడు. మాలకీకి కళ్లు చెమర్చినంత పనైంది. అంత సహజంగా కుంటడం అతను ఎక్కడా చూడలేదు. ముసలి గుర్రం కూడా అలా కుంటదు.

"భేష్. కాకపోతే కాలు తప్పు. కుంటాల్సింది ఎడమ కాలురా, నువ్వు కుడి కాలు కుంటుతున్నావు."

 కుర్రాడు ఎడమ కాలు ఈడుస్తూ వెనక్కి వచ్చాడు. బరువంతా కుడి కాలి మీద పడినప్పుడల్లా వాడి పెదవులు బిగుసుకుంటున్నాయి, కణతల మీద చెమట పుడుతోంది. మొహం కూడా పెడుతున్నాడే, ఎంతైనా మా వంశం అని మురిసిపోయాడు మాలకీ.

"ఆదివారానికి సిద్ధమేగా?"

"సిద్ధమే మామా."

ఆ ఊళ్లో ఆటగాణ్ణి అడిగే ప్రశ్న అదొక్కటే, దానికి జవాబూ అదొక్కటే.

డెర్వలా గుమ్మంలోంచి అంతా చూసింది. "ఒరే మాలకీ, ఏం చెబుతున్నావురా వాడికి?"

"ఏం లేదక్కా. ఆట సంగతి."

"నీకు వేరే సంగతులు ఎప్పుడున్నాయిలే" అని తలుపు వేసుకుంది. అంత గట్టిగా వేయవలసిన అవసరం లేదు.

రోష్‌కి ఒక్కడికి చెప్పిన అబద్ధం ఊరందరికీ చెప్పినట్టయింది. ఫియాక్రా స్టాంపులు కొనడానికి వెళ్లి పోస్టాఫీసులో కుంటుతూ కనబడ్డాడు. పోస్టాఫీసు ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇక చెప్పేదేముంది? సాయంత్రానికి డెర్వలా వంటింట్లో, పరామర్శకొచ్చినవాళ్లు తెచ్చిన ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి టార్టులు పేరుకుపోయాయి. చర్చిలో కొవ్వొత్తులు వెలిగాయి. ఫాదరు మర్నాడు పొద్దుటి ప్రార్థనలో రోగులు, ప్రయాణికుల తర్వాత "ఒక కాలి కోసం" అని కూడా చేర్చాడు. ఏ కాలో ఎవరూ అడగలేదు.

బుధవారం బార్ట్ వచ్చాడు. బెణుకులకి, నరాల పట్లకి మంత్రం అతని ఇంట్లో తాతల నాటినుంచి ఉంది. అతనికేమీ ఇవ్వకూడదు, థాంక్స్ అనకూడదు. అంటే మంత్రం నిలవదు. ఆ చుట్టుపక్కల పసిపిల్లలకి కూడా తెలుసు. మాలకీ పక్కనుండి ఫియాక్రా ఎడమ కాలు చాపించాడు. బార్ట్ మోకాలి పైన దారం కట్టి, పెదవులు కదిపి, ముడి వేశాడు. కంగారులో ఉన్న మాలకీ నోరు ఊరుకోలేదు.

"చాలా థాంక్స్ బార్ట్."

బార్ట్ ముడి విప్పి, దారం జేబులో పెట్టుకుని, టోపీ తలకి తగిలించుకున్నాడు.

"పోయింది" అన్నాడు.

"మళ్లీ కట్టు."

"ఈ ఏడు కుదరదు" అని వెళ్లిపోయాడు.

"పోనీలే" అంది డెర్వలా టీ కప్పులు తీస్తూ. "కట్టించేవాడు కాలన్నా చూసి కట్టించాల్సింది." అక్క కనిపెట్టేసిందని మాలకీ భయపడ్డాడు. అయితే ఆమె కనిపెట్టింది ఏమిటన్నది అతనికి తట్టలేదు.

ఆ సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చిన జట్టు చావింట్లో కూర్చున్నట్టు కూర్చుంది. కెప్టెన్ లొర్కన్ హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు. బంతిని కొట్టినవాడు లేడు. ఇలా అయితే ఆట మొదలవకముందే ఓడిపోతాం అనిపించి మాలకీ లొర్కన్‌ని గోడ వెనక్కి తీసుకెళ్లాడు.

"నీ ఒక్కడికే చెబుతున్నా. వాడికేం కాలేదు. రోష్ కోసం ఆడిన నాటకం."

"ఒట్టు?"

"మా నాన్న మీద ఒట్టు."

లొర్కన్ మొహం విచ్చుకుంది. "నా కడుపులోనే ఉంటుంది బాబాయ్" అన్నాడు. వాడి కడుపు ఎంతటిదో గానీ, గురువారం పొద్దునకి ఊరంతా తెలిసిపోయింది. జనం టార్టులు తేవడం మాత్రం మానలేదు. ఇప్పుడు కన్ను గీటుతూ తెచ్చారు. "ఆ కాలు ఎలా ఉందయ్యా?" అని పోస్టాఫీసు ఆవిడ అడిగి, పిల్లిలా నవ్వింది. ఊరంతా కలిసి మోసే అబద్ధం కదా, ఎవరికీ బరువు తెలియలేదు.

గురువారం సాయంత్రం బ్లానిడ్ వచ్చింది. పొట్టి మనిషి, చల్లటి చేతులు. డ్రెస్సింగ్ రూములో ఫియాక్రాని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి ఎడమ తొడ నొక్కింది. వాడు కదల్లేదు. ఇంకా కింద నొక్కింది. ఊహూఁ. ఆమె వెనక నిలబడిన మాలకీ కళ్లు ఉరిమి, నోరు తెరిచి, చేతులు తిప్పి మూలగమని సైగలు చేశాడు. వాడు బోర్లా పడుకున్నాడన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

బ్లానిడ్ ఏదో ఆలోచించి కుడి తొడ మీద వేలు పెట్టింది. ఫియాక్రా బల్ల అంచు పట్టుకుని, గొంతులో ఏదో చిట్లినట్టు అరిచాడు.

"అది కాదమ్మా, ఎడమది" అన్నాడు మాలకీ, ఉండబట్టలేక. "ఒరేయ్, ఎడమదిరా."

ఆమె నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "ఇలా రండి. చూడండి."

కుడి తొడ వెనక భాగం మోకాలి దాకా నీలంగా, పసుప్పచ్చగా, మాగిపోయిన రేగుపండు రంగులో ఉంది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది కుర్రాణ్ణి.

"మార్చి నుంచి."

 అయినా మాలకీ బుర్ర ఇంకా పాత దారిలోనే నడుస్తోంది. బ్లానిడ్‌ని తలుపు దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించాడు. "మన మధ్య మాట తల్లీ. ఇదంతా నేను అల్లిన అబద్ధం. వాడికేం లేదు."

"మీరు అల్లారు. వాడు అల్లలేదు" అందామె. "కండరం చినిగి ఉంది. అతుక్కునేలోపు మళ్లీ మళ్లీ చినిగింది. ఆదివారం పరిగెత్తితే ఎముక నుంచి ఊడి వస్తుంది. అప్పుడు హర్లింగ్ సంగతి దేవుడెరుగు, నిచ్చెన ఎక్కి పని చేసుకోలేడు." చేతులు తుడుచుకుంటూ, "తప్పులో నేనూ తక్కువదాన్నేం కాదులెండి. ఎలా ఉందని ప్రతివారం అడిగాను. రోష్ గారు పక్కన నిలబడి ఉండగా అడిగాను. బాగుందన్నాడు. సరే అని రాసుకున్నాను" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మాలకీ వైపు చూడలేదు.

మాలకీకి గేటు దాకా నడక గుర్తొచ్చింది. మంచి కాలు ఈడ్పించి, చినిగిన కాలి మీద బరువంతా మోపించి, భేష్ అన్నాడు. గుట్ట గుర్తొచ్చింది. వానలో, బురదలో, కింద నిలబడి ఈల ఊదింది తనే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల పక్కన కూర్చున్నాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్పబోయా మామా. మొన్న గేటు దగ్గర."

"అంతకు ముందు?"

ఫియాక్రా సాక్సు లాక్కుంటూ ఆలోచించాడు. వాడికి కోపం లేదు. ఉంటే మాలకీకి కాస్త తేలికగా ఉండేది. "నువ్వెప్పుడూ ఆదివారానికి సిద్ధమేనా అంటావు కదా. దానికి ఇంకో జవాబు కూడా చెప్పొచ్చని నాకు తెలీదు." తర్వాత మామ మొహం చూసి జాలిపడ్డాడు. "ఇంజెక్షన్ చేయించుకుని ఆడతాలే మామా. ఒక్క గంటేగా."

మాలకీ వెంటనే వద్దనలేదు. ఒక్క క్షణం ఆలోచించాడు. కప్పు, డ్రమ్‌కీల్ వాళ్ల మొహాలు, తండ్రి ఫోటో అన్నీ ఆ క్షణంలో పట్టాయి. తర్వాత వద్దురా అన్నాడు. ఆ క్షణాన్ని ఎవరూ గమనించలేదు. ఆ రోజు చేసిన వాటన్నిటిలో అతన్ని ఎక్కువ కుంగదీసింది అదే.

అక్క దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టాలని కోరుకున్నాడు కూడా.

"నాకు తెలుసురా" అంది డెర్వలా. "దుప్పట్లు ఉతికేదాన్ని, నొప్పులకి రాసే మందు వాసన తెలీదా? మామకి చెప్పకు, బాధపడతాడని ఒట్టు వేయించుకున్నాడు." ఒక పళ్లెం అతని ముందుకి తోసింది. "తిను. ఇల్లంతా ఈ టార్టులే."



ఆదివారం డ్రెస్సింగ్ రూములో మాలకీ గొంతు సవరించుకున్నాడు. "ఫియాక్రా ఆడటం లేదు. వాడి కాలు నిజంగానే బాగాలేదు."

జట్టంతా చిరునవ్వు నవ్వింది. "నిజమే బాబాయ్" అన్నాడు లొర్కన్ కన్ను గీటి. "చాలా చాలా నిజం."

"నవ్వకండిరా. కండరం చినిగిందట."

"ఆహా, చినిగిందట కూడా" అన్నాడు వెనకనుంచి గోల్‌కీపరు, మెచ్చుకోలుగా.

ఫియాక్రా చంకకర్రలతో వచ్చి బెంచీ మీద కూర్చోగానే కిల్‌బ్రాకన్ జనం చప్పట్లు కొట్టారు. చంకకర్రల దాకా వెళ్తాడని ఎవరూ అనుకోలేదు. డ్రమ్‌కీల్ వాళ్లకీ నాటకం సంగతి చేరింది. ఫియాక్రా లేచిన వెంటనే దింపుదామని తమ గట్టి డిఫెండర్ని ఆడించకుండా బయట కూర్చోబెట్టుకున్నారు. దాంతో సగం ఆటకి కిల్‌బ్రాకన్ ముందంజలో ఉంది. మాలకీ ఒక్కడి మొహంలోనే సంతోషం లేదు.

విరామంలో రోష్ బెంచీ దగ్గరికి వచ్చాడు. బ్లానిడ్ అతనికి అంతా చెప్పింది. చంకకర్రలు చూసి, కాస్త దగ్గి, "జనవరికి సిద్ధమవుతాడంటావా?" అన్నాడు.

మాలకీ పిడికిలి బిగుసుకుంది. అంతలోనే విడిపోయింది. ఆ ప్రశ్న తనదే, నెల ఒక్కటే వేరు. "వాణ్ణే అడుగు. నొప్పి ఎలా ఉందని అడుగు" అన్నాడు. రోష్ అడగలేదు. అలాగని వెళ్లిపోనూ లేదు.

ఆట చివరికొచ్చేసరికి జట్లు సమమయ్యాయి. గుట్టు తెలిసిన జనం ఇక ఆగలేకపోయారు. "చాల్లేవయ్యా మాలకీ, దింపు." "కర్రలు పారేయరా ఫియాక్రా." పోస్టాఫీసు ఆవిడ గొడుగు ఊపుతోంది. మాలకీ మైదానం వైపే చూస్తూ నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కాలిపోయాయి. డ్రమ్‌కీల్ వాడు కొట్టిన చివరి బంతి గోలు అడ్డకర్ర పైనుంచి ఎగిరి వెళ్లింది. ఒక్క పాయింటుతో పోయింది కప్పు.

జనం ఖాళీ అయ్యేదాకా మామ, అల్లుడు బెంచీ మీదే ఉన్నారు.

"నొప్పిగా ఉందారా?" అన్నాడు మాలకీ.

"ఉంది మామా" అన్నాడు ఫియాక్రా. "చాలా ఉంది."

మాలకీ తన కోటు విప్పి మడతపెట్టి వాడి కాలి కిందికి తోశాడు. ఆ తర్వాత చర్చి గుమ్మంలో, పోస్టాఫీసులో, డెయిరీలో కనబడిన ప్రతివాడికీ ఆ కాలు నిజమేనని చెప్పాడు. విన్నవాళ్లంతా తలలూపారు, కొందరు భుజం కూడా తట్టారు.

మాలకీ వేసిన ఎత్తు గొప్పదేననీ, తీరా సమయానికి కుర్రాణ్ణి దింపడం మరిచిపోయాడనీ కిల్‌బ్రాకన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.