ఉమ్మడి జాబితాలో బొడ్డుతాడు

బుధవారం ఉదయం ఏడున్నరకు హైమావతికి ఆడపిల్ల పుట్టింది. బొడ్డు కోయలేదు. తల్లి రాష్ట్రం పరిధిలోకి వస్తుంది, బిడ్డ కేంద్రం పరిధిలోకి. బొడ్డుతాడు ఉమ్మడి జాబితాలో ఉంది. దాన్ని ఏ ప్రభుత్వమూ ఒంటరిగా కోయడానికి లేదు.

ఆసుపత్రిలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. కాన్పుల వార్డులో నేల మీద పసుప్పచ్చ గీత గీసి ఉంది. తల్లి మంచం గీతకు ఇవతల, బిడ్డ ఉయ్యాల అవతల. తాడు గీత మీదుగా పోతుంది. ఊడ్చేవాళ్లు దాన్ని తొక్కకుండా దాటడం నేర్చుకున్నారు. పక్క మంచం ఆమె బిడ్డ అప్పటికే పాకుతోంది. తల్లి వెనకాలే నడుస్తోంది.

హైమావతి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. బేగి పనిలోకి వెళ్లాలని ఆమె ఆరాటం. అత్త తవుడమ్మ కొత్త బ్లేడు కొని, వేణ్ణీళ్లలో మరగబెట్టి తెచ్చింది. ఊళ్లో ఎందరికో బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. నర్సు రత్నకుమారి ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు పెద్దమ్మా. నువ్వు కోస్తే ఈవిడ కననట్టు, ఆ పిల్ల పుట్టనట్టు."

"ఓలమ్మ! గుక్క పట్టి ఏడుస్తంటే పుట్టనేదంటావేటి?"

"నాకు వినపడుతోంది. పైవాళ్లకి వినపడాలి కదా."

కత్తెర రావాలి. అందులో ఒక సగం రాష్ట్రానిది, ఇంకో సగం కేంద్రానిది. రాష్ట్రం సగం వచ్చింది. దాని మీద పథకం పేరు చెక్కి ఉంది. కేంద్రం సగం మీద అదే పథకానికి వేరే పేరు ఉంది. రెండూ కలిపి బిగిస్తే ఏ పేరు పైకి వస్తుందో తేలాక పంపుతామన్నారు.

ఆదివారం పిల్లకు జ్వరం వచ్చింది. వార్డులో మందుల బీరువా ఒకటే. పిల్లల మందు పై అరలో ఉంది. పై అర కేంద్రానిది, తాళంచెవి ఢిల్లీ నుంచి రావాలి. కింది అర రాష్ట్రానిది, అది తెరిచే ఉంటుంది.

"అద్దంలోంచి సీసా అవుపడతంది గదే, పగలగొట్టలేవా?" అంది తవుడమ్మ.

"అద్దం కూడా వాళ్లదే పెద్దమ్మా."

హైమావతి కాసేపు తాడు వైపు చూసింది.

"సిస్టరమ్మా, జొరం నాకని రాసీయండి."

"నీ ఒళ్లు చల్లగా ఉందమ్మా."

"నాను సెప్తన్నాను గదా."

నర్సు రాసింది. కింది అరలోంచి మందు తీసి ఇచ్చింది. హైమావతి తాగింది. మందు తాడు వెంట గీత దాటింది. పొద్దు వాలేసరికి పిల్ల పాలు తాగింది. తాడులో పోయేదానికి అనుమతి కావాలని ఏ ఉత్తర్వులోనూ లేదు.

తరవాతి వారం ఇద్దరు అధికారులు చెరో సగం పట్టుకుని వచ్చారు. పేర్ల గొడవ తేలింది. కోసేటప్పుడు ఒక పేరు, ఫొటో తీసేటప్పుడు ఒక పేరు పైకి ఉంటాయి. తాడుకు ఎర్ర రిబ్బను కట్టారు. కత్తెర బిగించారు.

"అదృష్టవంతురాలివే! కోయించుకుని బేగి ఇంటికి పోదుం," అంది తవుడమ్మ.

హైమావతి అధికారులను అడిగింది.

"కోసేసినాక పిల్లకి జొరమొస్తే మందెవులిస్తారు బాబూ?"

"కేంద్రం," అన్నాడు కేంద్రం అధికారి.

"పై అర తాళం వొచ్చిందా?"

"వస్తుందమ్మా. ప్రక్రియలో ఉంది."

ఆమె రెండో ఆయన వైపు తిరిగింది. "మరి కింద అరలోది?"

"కోశాక బిడ్డ మా పరిధిలో ఉండదమ్మా."

హైమావతి రిబ్బను విప్పి ఆయన చేతికిచ్చింది. తాడును పమిట కిందికి లాక్కుంది.

"నానొల్లను. ఒగ్గీయండి."

అధికారులు పక్కకు వెళ్లి మాట్లాడుకున్నారు. అభ్యంతరం లేదని ఇద్దరూ సంతకం చేశారు. కత్తెర మర విప్పి ఎవరి సగం వారు తీసుకెళ్లారు.

సాయంత్రం పిల్లకు మళ్లీ జ్వరం వచ్చింది. హైమావతి మందు తాగింది.