కాన్పైన తల్లికి పసుపు టోపీ

"సంతకమే కదే! వాళ్లేమన్నా కిడ్నీ అడిగినారా?" అన్నాడు గోపీనాథ్ భార్యతో, మూడోసారి.

"కిడ్నీ ఒకటి ఇచ్చినా ఇంకొకటి ఉంటాది. నాకుండే ఎనిమిదేండ్ల సర్వీసు ఒకటే," అంది భూమిక, బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమురుతూ.

ఆదివారం పొద్దున్నే మొదలైన ఈ తగువు, ఉద్దనపల్లిలోని ఆ ఇంట్లో సంగటి కెలికే వేళకు కూడా తెగలేదు.

పాఠకులారా! భూమికది శుద్ధ అవివేకం. బిడ్డను కని వచ్చిన ఆడదాని ఉద్యోగం పీకడాన్ని మించిన పుణ్యకార్యం లేదని ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆమె హోసూరులో కరెంటు మీటర్లు చేసే కంపెనీలో చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తోంది. అక్కడ పర్మనెంటు వాళ్లకు నీలం టోపీ, ట్రైనీలకు పసుపు టోపీ. అప్పటి చట్టం ఇచ్చిన ఎనభై నాలుగు రోజుల ప్రసవ సెలవు ముగిసి గురువారం వెళితే, ఆమె లాకర్లో నీలం టోపీ లేదు. పసుపుది ఉంది!

పర్సనెల్ ఆఫీసరు అనంతకుమార్ రెండు కాగితాలు చేతిలో పెట్టాడు. ఒకటి, సొంత ఇష్టంతో రాజీనామా. రెండోది, ట్రైనీగా కొత్త చేరిక. సోమవారానికల్లా సంతకాలు కావాలన్నాడు.

"మూడు నెలల్లో చెయ్యి మొద్దుబారి ఉంటుందమ్మా. మొదట్నుంచి నేర్చుకుంటే మీకే మంచిది."

ఎంత కరుణ! పుట్టింది బిడ్డ ఒక్కతే అనుకుంటాం మనం. కంపెనీ లెక్కలో తల్లి కూడా అప్పుడే పుట్టింది! కొత్త నంబరు, కొత్త ఫోటో, కొత్త ప్రొబేషన్. ఒక్క సంతకంతో ఎనిమిదేళ్లు తగ్గించే క్రీము ఏ ఫ్యాన్సీ స్టోరులో దొరుకుతుంది? నిన్నటిదాకా తాను పని నేర్పిన పిల్లనే "మేడమ్" అని పిలిచే వినయం ఏ ఆశ్రమంలో నేర్పుతారు? మరో రెండు కాన్పులు కానిస్తే భూమిక నిత్య ట్రైనీ. రిటైర్మెంటు బెంగే ఉండదు!

ఈ భాగ్యం అందరికీ దక్కదు. అదే కంపెనీలో రేకులు ఒత్తే ప్రెస్ షాపులో పనిచేసే గోపీనాథ్, రెండేళ్ల కిందట బేరిగైలో స్నేహితుడి పెళ్లి ఊరేగింపులో గంతులేసి కాలు విరగ్గొట్టుకున్నాడు. నాలుగున్నర నెలలు మంచంలో ఉన్నాడు. పాపం, తిరిగి వెళితే అదే మెషీను, అదే నీలం టోపీ! పైగా దండ వేసి జిలేబీలు పంచారు. మళ్లీ పుట్టే అవకాశం ఆ కాలికి ఇవ్వనేలేదు.

భూమిక ఆ మాటే ఎత్తింది. "అప్పుడు నీ చెయ్యి మొద్దుబారలేదా?"

"విరిగింది కాలు కదా!"

"నాకు మాత్రం బిడ్డ చేతిలోనుంచి పుట్టినాదా?"

మామ పెద్దప్ప నవ్వు ఆపుకోలేక తువ్వాలుతో నోరు మూసుకున్నాడు. అత్త పాపక్కకు కోపం వచ్చింది.

"ఏం మాటలమ్మా అవి? నేనూ వీణ్ణి కన్నాను, మూడో నెల్లోనే కలుపుకు పోయినాను. చేన్లో నేను కలుపు తీసే సాలు ఎవురికీ ఇయ్యకుండా మా కూలోళ్ల మేస్త్రి మారెమ్మ అట్లే పెట్టి ఉండె..." అంటూ సగంలో ఆగిపోయింది. ఆ మాట ఎటు పోతోందో ఆమెకే తట్టినట్టుంది.

గోపీనాథ్ గొంతు తగ్గించాడు. "నువ్వు కాదంటే నా మీద పడతారు భూమికా. ఇద్దరమూ ఈడ కూర్చుంటే ఇల్లెట్లా జరగాల?"

ఆ భయం ఉత్తది కాదు. కంపెనీ దాన్ని కూడా కాగితంతో పాటే మడిచి పంపింది.

ఒక్క చిన్న సందేహం మాత్రం మిగిలింది. ఇంత మేలు చేసే కంపెనీ, ఆ మేలును తానే చేయకుండా ఆమె సంతకం ఎందుకు అడుగుతోంది? ప్రసవ సెలవులో ఉందని తల్లిని తీసేస్తే చట్టం ఊరుకోదు. తనంతట తానే పోతే చట్టానికి పనేముంది? కాబట్టి అక్షరాలు కంపెనీవి, ఇష్టం మాత్రం భూమికది కావాలి!

భూమిక బిడ్డను తొట్టిలలో పడుకోబెట్టి, అందరికీ సంగటి వడ్డించింది. తనూ కూర్చుంది.

"సంతకం పెట్టను," అంది, గొంతు పెంచకుండానే. "రేపు ఏడింటి బస్సుకు క్రిష్ణగిరి లేబర్ ఆఫీసుకు పోతా ఉండాను. పాలు తాగే బిడ్డ కదా, కూడా ఎత్తుకోని పోతాను. తోడు అత్త వస్తాది."

ఆ సంగతి పాపక్కకూ అప్పుడే తెలిసింది. కాదనలేదు.