ఖాళీ బల్ల మీద పరిశోధన

ఆమెకు ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద భయం, పడుకున్న పాప లేవడం. దొంగలొస్తే కేకేయొచ్చు, పాము కనిపిస్తే పారిపోవచ్చు. చేతులు పడిపోయేలా జోకొడితే రెప్ప వాల్చిన పిల్ల మళ్ళీ కళ్ళు తెరిస్తే ఎవరికి చెప్పుకోవాలి?

ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. ఆమె భర్త మెకానికల్ ఇంజనీరింగ్ విభాగంలో ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తున్నాడు. ఆ నెలతో ఉపకారవేతనం ఆఖరు; ఈలోగా ఉద్యోగం రాకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. ఉద్యోగాలిచ్చే కంపెనీవాళ్ళు వచ్చే రోజున మహానుభావుడు ఇంట్లో తిరిగే చెప్పులతోనే వెళ్ళిపోయాడు. బూట్లు ఇచ్చి వచ్చేద్దామని ఆమె పాపను పిల్లల తోపుడు బండిలో వేసుకుని బయల్దేరింది.

ప్రయోగశాల గడప దాటగానే పాప ఆరున్నొక్క రాగం అందుకుంది.

"ఏవండీ, ఏదో ఒకటి చెయ్యండి!"

"నా ఇంటర్వ్యూకే దిక్కులేదు, జోలపాట ఎక్కడ పాడేదే?" అంటూనే అతను షేకర్ మీట నొక్కాడు. యంత్రభాగాలు ఎంత కుదుపుకి ఓర్చుకుంటాయో చూసే ఇనుప బల్ల అది. పైన ఏమీ లేకపోయినా గుయ్యిమంటూ వణకసాగింది. ఆ మోతకు పాప ఠక్కున నిద్రపోయింది. అన్నేళ్ళ పరిశోధనకు అదే మొదటి ఫలితం.

"దీన్ని ఆపకు, ఇప్పుడే వస్తా," అని బూట్లు తొడుక్కుని అతను పరుగెత్తాడు. ఆమె బండి మీద దుప్పటి కప్పి బీరువా వెనక్కి నెట్టింది.

అంతలో విభాగాధిపతి కంపెనీ పెద్దాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తన శాఖలో ఏ గదిలో ఏం జరుగుతుందో విభాగాధిపతికి తెలియదు. తెలియదన్న సంగతి ఎవరికీ తెలియనివ్వకపోవడంలో మాత్రం ఆయన మహా పండితుడు.

"ఈ బల్ల మీద ఏం పరీక్షిస్తున్నారు?" పెద్దాయనది కంచు గొంతు.

పాప లేచి ఏడిస్తే భర్త ఉద్యోగం గంగలో కలిసినట్టే. ఆమె వేలు పెదాల మీద పెట్టి, "ష్! మెల్లగా... మీకు దణ్ణం పెడతాను," అంది.

విభాగాధిపతి ముఖం వెలిగిపోయింది. "గోప్యం సార్," అన్నాడు గుసగుసగా. "మా పరిశోధకురాలు. నాక్కూడా చెప్పదు."

"అయ్యో, నేను పదో తరగతే పూర్తి చెయ్యలేదండీ!"

"వినయం చూశారా?"

"పోనీ, ఒక్కసారి ఆపి చూద్దామా?" అని పెద్దాయన మీట మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆమె అడ్డం పడింది.

"ఆపారంటే నా కొంప మునుగుతుందండీ! రాత్రంతా పడ్డ కష్టం బూడిదలో పోసిన పన్నీరే!"

పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకుని, మునివేళ్ళ మీద బయటికి నడిచాడు. ఆ గదికి అంత గౌరవం అంతకుముందెన్నడూ దక్కలేదు.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ బల్ల గురించే. భర్తకు అబద్ధమాడటం చేతకాదు. అన్నేళ్ళు ఉద్యోగం రాకపోవడానికి అదీ ఒక కారణం.

"దాని మీద ఏమీ లేదు సార్. మా పాప పడుకుంటుందని వేశాను."

పెద్దాయన పడీ పడీ నవ్వాడు. "పాప పడుకుంటుందనా! భలేవాడివయ్యా! ఉద్యోగం చేజారుతుందన్నా గుట్టు విప్పవన్నమాట. ఇలాంటి మనిషే మాకు కావాలి."

విభాగాధిపతి గర్వంగా గొంతు సవరించుకున్నాడు. "నేర్పింది నేనే సార్."

ఆ ప్రయోగాన్ని కంపెనీ దత్తత తీసుకుంది. అతనికి ఉద్యోగమూ అక్కడే ఇచ్చింది: బల్ల ఆగకుండా చూడటం. తలుపులు మూసిన గదిలో రోజంతా దాని ముందు కూర్చుంటున్నాడు. ఫలితమేమిటని అడిగే ధైర్యం ఇంతవరకు ఎవరికీ లేదు.

ఆమెకు మాత్రం బెంగ తీరలేదు. ఆ మోతకు పిల్ల అంత తేలిగ్గా నిద్రపోయిందంటే, అది ఎవరి పోలికో ఆమెకు తెలుసు. అందుకే మీలో ఎవరైనా అటువైపు వెళ్తే ఆ గది కిటికీలోంచి ఒక్కసారి తొంగి చూడండి. అతను కునుకు తీస్తూ కనిపిస్తే అద్దం మీద తట్టి లేపండి. ఉద్యోగం ఇంకా కొత్తది.