పోయిన ఆర్విడ్, వచ్చిన రాయి

మిన్నెసోటాలో వాలై చేపల వేట మొదలయ్యే శనివారం మగవాళ్లంతా సరస్సుల మీద పడతారు, ఆడవాళ్లకు ఇల్లంతా దక్కుతుంది. డెలోరిస్ ఎంగెన్‌కు మాత్రం ఇల్లు అక్కర్లేదు. భర్త ఆర్విడ్ నలుగురు స్నేహితులతో కలిసి ముందురోజే ఉత్తరాన ఉన్న సరస్సుకు బయల్దేరాడు కాబట్టి, పొద్దున్నే రెండు బ్రెడ్డు ముక్కలు కాల్చుకు తిని, పక్క ఊళ్లోని చరిత్ర సంఘం లైబ్రరీకి వెళ్లి, వాళ్లు తలుపులు వేసేదాకా కూర్చుని రావాలనుకుంది. అంతకు మించి ఆ రోజు ఏమీ జరగాల్సిన అవసరం లేదు.

ఆ లైబ్రరీలో ఆమెకొక సైనికుడున్నాడు. అమెరికా అంతర్యుద్ధంలో మిన్నెసోటా వాలంటీర్ పదాతి దళంలో చేరి పోరాడినవాడు. ఆర్విడ్ వాళ్ల తాతకు తాత. పేరు కూడా ఆర్విడ్ ఎంగెనే. రెండేళ్లుగా డెలోరిస్ తిండీ నిద్రా అతనితోనే. అతను ఏ నది దాటాడో, ఏ వానలో తడిశాడో, ఎక్కడ బూట్లు అరిగిపోయి ఎవరివి తొడుక్కున్నాడో ఆమెకు తెలుసు. గుర్తు లేకుండా పడివున్న అతని సమాధికి ఒక రాయి ఇమ్మని ప్రభుత్వం వెంటపడి ఒప్పించింది కూడా. ఇదంతా ఊళ్లో ఎవరికైనా చెప్పుకోవాలని ఆమెకు ఎంతో ఆశ. కానీ ఆమె "మా సైనికుడు..." అని మొదలుపెట్టగానే ఎదుటివాళ్లకు పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చినట్టు గుర్తొచ్చేది. అందువల్ల డెలోరిస్‌కు ఒక సైనికుడున్నాడని ఊరంతటికీ తెలుసు గానీ, అతని పేరు చెప్పేదాకా నిలబడినవాళ్లు ఒక్కరూ లేరు.

పక్కింటి మార్లిస్ కూడా నిలబడలేదు. ముప్ఫై ఏళ్ల స్నేహం. ఆ స్నేహం చెడకూడదనే నిలబడలేదు.

పొద్దెక్కాక మార్లిస్ తన ఇంటి ముందు పూలమొక్కలు నాటుకుంటుంటే ఎంగెన్ వాళ్ల వాకిట్లో ఒక ట్రక్కు ఆగింది. డ్రైవరు తలుపు కొట్టి కొట్టి, ఇటు తిరిగాడు.

"అమ్మా, వాళ్లింట్లో ఎవరూ పలకట్లేదు. మీరు సంతకం పెట్టి దించుకుంటారా?"

"దానికేం, పెడతాను. అంత పెద్ద చెక్కపెట్టె, ఏముంది అందులో? ఫ్రిజ్జా?"

"సమాధి రాయమ్మా."

"అయ్యో, ఎవరిది?"

డ్రైవరు వంగి పెట్టె మీద చీటీ చదివాడు. "ఆర్విడ్ ఎంగెన్."

మార్లిస్ చేతిలోని మొక్క మట్టితో సహా జారిపోయింది. "ఆర్విడ్‌దా! మొన్న గురువారం సాయంత్రమేగా బాబూ, వేటకి పట్టుకెళ్లమని నా చేత్తో గిన్నెడు బంగాళాదుంప సలాడు ఇచ్చాను!"

డ్రైవరు టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. తరవాత పెట్టెను జాగ్రత్తగా దించి, ట్రక్కును చప్పుడు లేకుండా వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు.

మార్లిస్‌కు ఆ సలాడు గిన్నె కళ్లముందు కదిలింది. గురువారం మధ్యాహ్నం ఆమె దాన్ని ఎంగెన్ వాళ్ల వరండాలో పెట్టి వచ్చింది. ఇంట్లో ఎవరూ లేరు. ఎండ నేరుగా వరండాలోకే కొడుతోంది. గుడ్లు, మయనీస్, ఎండ. సాయంత్రం ఆర్విడ్ వచ్చాక గిన్నె అతని చేతికిస్తే, అది వెచ్చగా ఉందని కూడా అన్నాడు. "రుచి పట్టిందిలే" అని తనే నవ్వింది. ఇప్పుడా నవ్వు తలుచుకుంటే తనకే అసహ్యమేసింది. వెంటనే డెలోరిస్‌కు ఫోను చేసింది.

"చెప్పు, తొందరగా" అని గుసగుసగా అంది డెలోరిస్. "ఇక్కడ గట్టిగా మాట్లాడనివ్వరు."

ఆసుపత్రే అయివుంటుందనుకుంది మార్లిస్. "డెలోరిస్... రాయి వచ్చిందే."

"వచ్చేసిందా! ఎంత చల్లటి మాట చెప్పావే! కళ్లు కాయలు కాచిపోయాయనుకో."

"అంటే నిజమేనా? ఆర్విడ్... పోయాడా?"

"పోకుండా ఎలా ఉంటాడే?" డెలోరిస్ నవ్వాపుకుంది. "పోయాడు, పాపం."

"దేంతో?"

"చెప్పుకుంటే బాగోదు గానీ, విరేచనాలు. మంచం మీంచి దొడ్డికి, దొడ్లోంచి మంచానికి. ఆఖరికి అలాగే."

మార్లిస్ ఆ చెక్కపెట్టె మీదే కూలబడింది. కింద ఏముందో గుర్తొచ్చి చటుక్కున లేచింది. "తిండి పడకేనంటావా?"

"కాక? వాళ్లకి పెట్టిన తిండి అలాంటిది మరి. ఆ వండినవాళ్లు ఎవరో గానీ, పట్టుకుని ఉరి తీయాలి! ఒక్క ఆర్విడేనా, వాళ్ల గుంపులో సగానికి సగం మంది అలాగే పోయారు."

మార్లిస్ వేళ్ల మీద ఐదుగురిలో సగం లెక్కపెట్టబోయింది.

"నేను సాయంత్రం వస్తానే. ఇక్కడ గున్‌హిల్డ్ సంగతి ఒకటి తేలాలి."

"గున్‌హిల్డ్ ఎవరు?"

"ఆర్విడ్ పెళ్లాం. ఇద్దరు పిల్లలు కూడాను! ఇవాళ ఆ పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోకుండా కదలను." ఎవరో గదమాయించినట్టున్నారు, ఫోను ఆగిపోయింది. తరవాత ఎన్నిసార్లు చేసినా పలకలేదు.

మార్లిస్ మట్టి చేతులతోనే రోడ్డు దాటి చర్చికి పరిగెత్తింది. పాస్టర్ లుండీన్ రేపటి ప్రసంగం రాసుకుంటున్నాడు. తను ఆర్విడ్‌నూ, అతని స్నేహితుల్లో ఇంకా లెక్క తేలనంత మందినీ చంపాననీ, ఆర్విడ్‌కు వేరే పెళ్లామూ పిల్లలూ ఉన్నారనీ ఆమె ఒకే ఊపిరిలో చెప్పింది.

పాస్టరు నిదానస్తుడు. "మార్లిస్ గారూ, కాస్త మంచినీళ్లు తాగండి. మనిషి నిన్న బయల్దేరితే ఇవాళ సమాధి రాయి ఎలా వస్తుంది?"

"డెలోరిస్ సంగతి మీకు తెలీదా పాస్టరు గారూ? క్రిస్మస్ బహుమతులు జులైలో కొనే మనిషి! రాయి ఎప్పుడో చేయించి ఉంచుంటుంది."

అది పాస్టరుకు కూడా సబబుగానే తోచింది. అయినా నిర్ధారణ ఉండాలని సరస్సు దగ్గర పడవలు అద్దెకిచ్చే ముసలాయనకు ఫోను చేశాడు. ముసలాయనకు చెవుడు, పైగా ఆ రోజంతా గిరాకీ.

"అయ్యా, ఆర్విడ్ ఎంగెన్ అని..."

"ఆర్విడా? పోయాడు!"

"మిగతావాళ్లు?"

"అందరూ పోయారు! తెల్లారకముందే పోయారు!"

పాస్టరు కళ్లు మూసుకున్నాడు. "ఇప్పుడు ఎక్కడున్నారండీ?"

"ఎక్కడుంటారు? నీళ్లలో!"

పాస్టరు ఫోను పెట్టేసి, వెళ్లి గంట మోగించాడు.

మా ఊళ్లో ఆ గంట మోగితే ఎవరు పోయారని అడిగే ముందే ఆడవాళ్లు ఓవెన్లు వెలిగిస్తారు. మధ్యాహ్నానికి చర్చి కింది హాల్లో హామ్ శాండ్‌విచ్‌లు గుట్టపడ్డాయి. మాంసం, బంగాళాదుంపలు కలిపి ఓవెన్లో వండే హాట్‌డిష్‌లు పళ్లేల నిండా పొగలు కక్కుతూ వచ్చాయి. ఆకుపచ్చ జెల్లీ మూడిళ్ల నుంచి వచ్చింది. పెద్ద కాఫీ డ్రమ్ము బుసలు కొట్టసాగింది. వంటగది అజమాయిషీ చూసే పెద్దావిడ మార్లిస్ భుజం తట్టి, "అన్నీ కుదిరాయి. బంగాళాదుంప సలాడు మాత్రం నువ్వే చెయ్యాలమ్మా. ఆర్విడ్‌కి నీ సలాడంటే ప్రాణం" అంది. మార్లిస్ ఒక్క కేక పెట్టి సామాన్ల గదిలోకి దూరి తలుపేసుకుంది.

ఈలోగా గున్‌హిల్డ్ కబురు హాలంతా పాకింది. కొందరు ఆవిడ విమానాల్లో పనిచేస్తుందన్నారు. కొందరు నార్వేలోనే ఉంటుందన్నారు. ఆర్విడ్ ఏటా వేటకని వెళ్లి ఒక్క చేపైనా తేకపోవడం ఎప్పుడూ అనుమానంగానే ఉండేదని ఇంకొకావిడ అంది. పాస్టరు విశాల హృదయుడు. "వస్తే ఆవిడా మనిషే కదండీ" అని ముందు వరసలో డెలోరిస్ కుర్చీ పక్కన మరో కుర్చీ వేయించాడు.

సాయంత్రం డెలోరిస్ ఇంటికొచ్చేసరికి వాకిట్లో చెక్కపెట్టె మీద పూలగుత్తులు, చుట్టూ కొవ్వొత్తులు. ఎదురుగా చర్చి ముందు ఊళ్లో కార్లన్నీ ఉన్నాయి. ఆమె గుండె ఉప్పొంగింది. తన సైనికుడికి రాయి వచ్చిందని తెలిసి ఊరు ఊరంతా కదిలొచ్చింది! ముఖం వెలిగిపోతుండగా హాల్లోకి నడిచింది. నల్లబట్టల్లో ఉన్న జనమంతా లేచి నిలబడ్డారు. సరిగ్గా ఇలాగే జరగాలని ఆమె ఎన్నిసార్లు కలగందో!

"నాకు మాటలు రావడం లేదు" అంది డెలోరిస్. "ఇన్నాళ్లూ ఆర్విడ్ గురించి చెబుతానంటే ఒక్కళ్లూ ఆగి వినలేదు. ఇవాళ ఇంతమంది వచ్చారు. నా జీవితంలో ఇంత సంతోషమైన రోజు ఇంకోటి లేదు."

పాస్టరు గట్టిగా దగ్గాడు. వెనక ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. సామాన్ల గది తలుపు దభాలున తెరుచుకుంది.

"నేనే చంపానే డెలోరిస్!" మార్లిస్ జుట్టు విరబోసుకుని వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. "గిన్నె ఎండలో పెట్టింది నేనే! ఉరి తీయాలన్నావుగా, తీయించు!"

"పిచ్చిదానా, నువ్వెలా చంపుతావే? ఆయన పోయి నూట యాభై ఏళ్లవుతోంటే!"

అప్పుడే మెట్ల మీద ధన్ ధన్‌మని రబ్బరు బూట్లు వినిపించాయి. నడుము దాకా తడిసి, కళ్లు ఎర్రగా వాచి, గుమ్మంలో ఆర్విడ్ నిలబడ్డాడు. ఇద్దరు ఆడవాళ్లు కెవ్వుమన్నారు. జెల్లీ పళ్లెం ఒకటి నేల మీద పడి తుళ్లింది.

ఆర్విడ్ ఎవరినీ చూడలేదు. చర్చి నుంచి తన కోసం ఫోను వచ్చిందని పడవలాయన చెప్పగానే, చర్చి ఊరికే ఫోను చేయదని అతనికి అర్థమైంది. పోతే పోవలసింది ఇంట్లో ఒక్క మనిషే. రెండు గంటల దారి ఎలా నడుపుకొచ్చాడో అతనికే తెలీదు. శాండ్‌విచ్‌ల గుట్ట చూడగానే ఇక సందేహం లేకపోయింది. అంతలో ఆమె కనిపించింది.

"డెలోరిస్!" వెళ్లి ఆమెను వాటేసుకున్నాడు. "బతికే ఉన్నావా!"

"నేనెందుకు పోతాను? ఒళ్లంతా తడి! ఏమైంది నీకు?" అంది గానీ, ఆమె కూడా వదల్లేదు. ఆ గొంతుతో అతను తన పేరు పిలిచి ఎన్నేళ్లయిందో లెక్క కట్టుకుంటోంది.

"గున్‌హిల్డ్ మాటేంటి?" అని వెనకనుంచి ఒకావిడ కటువుగా అడిగింది.

"గున్‌హిల్డ్ ఎవరు?" అన్నాడు ఆర్విడ్.

"మీ తాతకి తాత పెళ్లాం!" అంది డెలోరిస్.

మెల్లమెల్లగా ముడి విడింది. మార్లిస్ ఆర్విడ్ చెంపలు రెండూ తడిమి చూసి, సలాడు ఏమైందని అడిగింది. దారిలోనే ఐదుగురూ ఊడ్చేశారట, ఇంకాస్త ఇచ్చుంటే బాగుండేదట. ఆమె ఏడుస్తూ నవ్వింది. వండింది పారేయకూడదని అందరూ తినడానికి కూర్చున్నారు. పొద్దుట్నుంచీ వేసిన అభాండాలకు సిగ్గుపడి, డెలోరిస్ నోరు తెరిస్తే ఈసారి ఒక్కరూ కదల్లేదు. పొయ్యి మీద పెట్టినవన్నీ అక్కడే బల్లల మీద ఉన్నాయి మరి.

ఆమె నదులు దాటించింది, వానల్లో తడిపింది, బూట్లు మార్పించింది. జబ్బుతో ఇల్లు చేరిన సైనికుణ్ణి మూడో ఏట మట్టిలో కలిపింది. "ఇవాళే తేలింది. గున్‌హిల్డ్ తరవాత మిల్లు నడిపే సోర్లీని చేసుకుంది. పిల్లలకి సోర్లీ పేరే వచ్చింది" అని ముగించింది.

మార్లిస్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "సోర్లీయా? మా అమ్మమ్మ పుట్టింటివాళ్లు సోర్లీలే! ఆవిడ నానమ్మ పేరు గున్‌హిల్డ్. మొదటి మొగుడు యుద్ధం నుంచొచ్చి దొడ్డికీ మంచానికీ మధ్య తిరుగుతూనే పోయాడట. ఎబ్బెట్టుగా ఉంటుందని మా ఇంట్లో ఎవరూ బయట చెప్పరు."

డెలోరిస్ ముఖంలో రంగు మారింది. "అంటే ఆర్విడ్ నీ మనిషా?" పిల్లలిద్దరూ సోర్లీలైపోతే, ఈ ఎంగెన్‌లు ఆ సైనికుడి సంతానం కానే కారు. రెండేళ్లు. "ఆ దళంలో ఆర్విడ్ ఎంగెన్‌లు ఇద్దరున్న మాట నిజమే. రెండోవాడు వంటవాడు. వాణ్ణి నేను లెక్కలోకే తీసుకోలేదు."

"వంటవాడా? అయితే వాడే మావాడు" అన్నాడు ఆర్విడ్ శాండ్‌విచ్ నములుతూ. "యుద్ధమంతా గరిటెతోనే చేశాడని మా తాత తెగ చెప్పేవాడు."

"రెండేళ్లుగా తిరుగుతున్నాను! నాతో ఎందుకు అనలేదు?"

"నువ్వు లైబ్రరీలో అడిగావు. నన్నడగలేదుగా."

మార్లిస్ డెలోరిస్ చెయ్యి పట్టుకుంది. "బాధపడకే. రక్తం మాదైతే అయింది గానీ, ఆయన్ని ఇన్నాళ్లకి పేరు పెట్టి పిలిచింది నువ్వు. రాయి ఇద్దరం కలిసి పెడదాం." డెలోరిస్ తలూపి కళ్లు తుడుచుకుంది. అంతా సుఖాంతమయ్యేదే. కానీ మార్లిస్ కనుబొమలు మెల్లగా దగ్గరికొచ్చాయి.

"ఆగు ఆగు. అయితే మా పెద్దాయనకి ఆ తిండి వండిపెట్టింది..."

హాల్లోని తలలన్నీ ఒక్కసారిగా ఆర్విడ్ వైపు తిరిగాయి. ఆర్విడ్ నోట్లోది కష్టం మీద మింగాడు. మంచివాడు, తనవాళ్లు చేసినదానికి ఏదో ఒకటి చేసి తీరాలనిపించింది.

"జరిగిందేదో జరిగింది మార్లిస్. బండిలో తాజా వాలైలు ఉన్నాయి. ఆ వంటగదిలోకి ఒక్కసారి వెళ్లనిస్తే, నేనే నా చేత్తో వేయించి అందరికీ పెడతాను."

అందరికీ ఉన్నట్టుండి కడుపు నిండిపోయింది.