పార్టనర్ పొట్లం

తవిటయ్యలాంటి ద్రోహి నిమ్‌పురా రైల్వే యార్డు మొత్తం గాలించినా దొరకడని జగ్గారావు ఈనాటికీ అంటాడు. పెరుగు మింగినవాడు మింగినట్టు ఊరుకుంటే ఇంత జరిగేదా?

ఆ ఉదయం ఇద్దరూ రిజిస్ట్రీ ఆఫీసుకు వెళ్లాలి. ఇండస్ట్రియల్ పార్క్ దారిలో ఉమ్మడిగా కొన్న స్థలం తవిటయ్య పేరున ఉంది. అందులో సగం ఆవేళ జగ్గారావు పేరు మీదికి మారాలి. చొక్కా తొడుక్కుంటుంటే భార్య మీనాకుమారి ఒక మందు పొట్లం అతని చేతిలో పెట్టింది. పొత్తికడుపులో నొప్పని ముందురోజే లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన మనిషి. గోడవైపు చూస్తూ చెప్పింది.

"ఒకటి నాను మింగీసినాను. ఇది పార్టనర్‌కి ఇయ్యాలట. పెరుగులో కలిపి, నమలకుండా మింగాలట."

అంతకుమించి చెప్పడానికి సిగ్గుపడి వంటింట్లోకి పోయింది. ఆ ఇంట్లో పార్టనర్ అంటే ఒక్కడే, తవిటయ్య. వాడికీ వారం నుంచి కడుపు బాగాలేదు. మొగుడి కడుపు పట్టని మనిషికి వాడి కడుపు మీద ఇంత బెంగేమిటని జగ్గారావు ఉడుక్కున్నాడు. అయినా సంతకం పెట్టాల్సిన చెయ్యి వాడిది. నేరుగా వాడింటికి వెళ్లి, పెరుగు తెప్పించి, దగ్గరుండి మింగించాడు.

నోరంతా ఇనుము నాకినట్టుందని తవిటయ్య దారిలో మందుల షాపు దగ్గర ఆగి, ఖాళీ పొట్లం చూపించాడు. సాక్షి సంతకానికి బయల్దేరిన అతని భార్య అప్పలకొండ పక్కనే ఉంది. షాపు నడిపే బెంగాలీ దాదా దాని మీది పేరు చదివి నవ్వాడు. ఆడవాళ్ల లోపలి జబ్బుకట. ఆమెతో పడుకునే మగాడూ మింగాలట.

అప్పలకొండ మొగుడివైపు చూసిన చూపుకు జడిసి, జగ్గారావు స్నేహితుణ్ని కాపాడబోయాడు.

"ఆడికేటి తెలుసు వదినా? మా మీనాయే పంపినాది. పార్టనర్‌కే ఇమ్మని మరీ సెప్పినాది."

పక్క టీ కొట్టులో గ్లాసులన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. తానన్న మాట తన చెవిన పడ్డాక జగ్గారావుకు అర్థమైంది. వెంటనే తవిటయ్య కాలర్ పట్టుకున్నాడు. అది చిరిగి చేతికొచ్చింది.

"నీకూ నాకూ ఇంకేటీ లేదు," అన్నాడు తవిటయ్య. "స్థలం నా పేరున ఉన్నాది. ఉంటాది."

ఇంటికొచ్చి జగ్గారావు గొంతు పోయేదాకా అరిచాడు. మీనాకుమారి అంతా విన్నది.

"పార్టనరంటే నువ్వే మావా. మొగుడని అనరట డాక్టర్లు." ఈసారి గోడను కాక అతన్నే చూస్తూ అంది. "ఇది మగోడి నుంచే వస్తాదన్నాది డాక్టర్ దీదీ. నాను నిన్ను తప్ప ఎరగను. మరి నీకెక్కడిది?"

జగ్గారావు లేచి, రెండో పొట్లం కొనుక్కొస్తానని అదే షాపుకు పోయాడు.

ఆ ప్రశ్న మీనాకుమారి ఎప్పుడెత్తినా, అతను తవిటయ్య ద్రోహం ఎత్తుకుంటాడు. వాడు కాజేసింది కచ్చితంగా మూడు డెసిమళ్ల స్థలమని లెక్క చెబుతాడు.