నిబంధనలకు సరిపడా లావు

ఒక మనిషి లావుగా ఉన్నాడని తేల్చే హక్కు ఈ దేశంలో అద్దానికి లేదు, తూకపు యంత్రానికి లేదు, కొలతలు తీసే దర్జీకి లేదు, కట్టుకున్న భార్యకు అసలే లేదు. ఆ హక్కు ఆరోగ్య బీమా సంస్థది. సంస్థ ఒప్పుకునేదాకా ఎంతటి భారీకాయుడైనా నిబంధనల ప్రకారం సన్నమే.

ఉయ్యూరులో బట్టల కొట్టు నడిపే సాంబమూర్తి గారికి ఈ సంగతి తెలియదు. తాను లావుగా ఉన్నానని ఆయన చాలా ఏళ్లుగా, ఎవరి అనుమతీ లేకుండా, సొంతంగా నమ్ముతూ వచ్చారు. (అనుభవం లేనివాళ్లు ఇలాంటి తొందరపాటు నిర్ణయాలకు వస్తుంటారు.) వాళ్లది నేతవాళ్ల కుటుంబం. తాత, తండ్రి మగ్గం గుంటలో కాళ్లాడిస్తూ బతికినవాళ్లు. ఆ వంశంలో పరుపు మీద బాసింపట్టు వేసుకుని ఇతరులు నేసిన చీరలు అమ్మిన మొదటివాడు ఈయనే. ఆ కూర్చోవడం ఒంటికి బాగా పట్టింది.

లావుతో ఆయనకు పేచీ లేదు. పేచీ నిద్రతో వచ్చింది. పడుకున్నాక గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. భార్య వెంకటరావమ్మ గారు భుజం పట్టి కుదిపితే మళ్లీ అందుకునేది. ఆవిడ తన నిద్ర మానుకుని ఆయన ఊపిరికి కాపలా కాసేవారు. రాత్రి బాకీ పడిన నిద్ర ఆయనకు పగలు కొట్టులో తీరేది. ఒకసారి చల్లపల్లి నుంచి పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లకు పట్టుచీర మడత విప్పి చూపిస్తూ, దాని మీదే తల పెట్టి నిద్రపోయారు. వాళ్లు కాసేపు మర్యాదగా ఎదురుచూసి, తర్వాత పక్క కొట్టుకు వెళ్లారు.

విజయవాడలో డాక్టర్ స్టెల్లా గారు ఆయన్ని ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి, ఒంటినిండా తీగలు తగిలించి, నిద్రను పరీక్ష చేయించారు.

“మందులతో అయ్యే పని కాదండీ,” అన్నారావిడ. “పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకోవాలి. ఇప్పుడు ఆగిన ఊపిరి మళ్లీ వస్తోంది. రోజూ వస్తుందని నేను చెప్పలేను.”

“మా అమ్మాయి కంపెనీ ఇచ్చిన బీమా ఉందండీ. అమ్మానాన్నలకి కూడా వర్తిస్తుందంట,” అన్నారు వెంకటరావమ్మ గారు ధైర్యంగా.

డాక్టరు గారు మంచినీళ్లు తాగారు.

సదరు బీమా సంస్థ పేరు ‘నిండు నూరేళ్లు’. సాంబమూర్తి గారి కూతురు ప్రత్యూష విజయవాడలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. యాప్ తెరిచి అర్జీ పెట్టింది. ‘మీరు చెబుతున్న లావు మీ సొంతమేనా?’ అని యాప్ అడిగింది. కింద మూడు జవాబులున్నాయి: అవును, కాదు, తర్వాత గుర్తుచేయండి.

కొన్నాళ్లకు భానుచందర్ అనే ఆయన సాంబమూర్తి గారికి ఫోన్ చేశాడు. హోదా స్థూలకాయ నిర్ధారణాధికారి. గొంతులో తేనె.

“మీకు ఆపరేషన్ జరిపించడమే మా ధ్యేయం సార్. చిన్న నిబంధన ఒకటుంది. ముందు మీరు తగ్గడానికి ఆరు నెలలు నిజాయితీగా ప్రయత్నించాలి. ప్రయత్నించి, విఫలం కావాలి.”

“కాకపోతేనండీ?”

“చాలామంది అవుతారు సార్. మీరేం కంగారుపడకండి.”

ఎత్తుకూ బరువుకూ లెక్కగట్టి తీసే అంకె ఒకటుంది, బీఎంఐ అంటారు. అది నలభై దాటితేనే సంస్థ మనిషిని లావుగా గుర్తిస్తుంది. సాంబమూర్తి గారిది నలభై రెండు. అంటే అర్హుడే. ఆయన చేసిన పొరపాటల్లా నిజాయితీ అన్న మాటను నిజంగా తీసుకోవడం. నెయ్యి మానేశారు. మధ్యాహ్నం ఆవకాయ జాడీ కేసి చూడకుండా, గోడవైపు తిరిగి కూర్చుని గోధుమరవ్వ తినేవారు. పొద్దున్నే పుల్లేరు కాలువ గట్టు మీద, చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్లను తప్పించుకుంటూ ఆయాసపడుతూ నడిచేవారు. మోకాళ్లు వాచాయి. అయినా మానలేదు. చివరికి అంకె ముప్పై తొమ్మిదికి దిగింది. ఊపిరి మాత్రం మునుపటిలాగే ఆగుతోంది.

సంస్థ నుంచి పూలగుత్తి బొమ్మతో సందేశం వచ్చింది. ‘అభినందనలు. మీరు ఇక లావు కాదు. మీ అర్జీ తిరస్కరించబడినది.’

ప్రత్యూష ఫోన్ చేస్తే భానుచందర్ బాధపడ్డాడు. “సార్ కొంచెం అతిగా ప్రయత్నించారు మేడమ్. ఓ నెల్రోజులు ఫ్రీగా తినమనండి. మళ్లీ పెడదాం.”

పక్కనే ఉన్న వెంకటరావమ్మ గారు ఫోన్ అందుకున్నారు. “మా ఆయన్ని పందెం కోడిని మేపినట్టు మేపమంటారా నాయనా? ఈలోగా ఆ ఊపిరి ఆగిపోతే నువ్వొచ్చి కుదుపుతావా?”

“ఆ సదుపాయం ప్రస్తుతానికి లేదమ్మా,” అన్నాడు భానుచందర్. (నిజం చెప్పడం అతని బలహీనత. పదోన్నతి అందుకే ఆలస్యమవుతోందని విన్నాం.)

ప్రత్యూష పాలసీ పత్రం మొత్తం చదివింది. ఇలా చదివిన మొదటి వ్యక్తి ఆమే అయి ఉండవచ్చు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు రుజువైతే ముప్పై అయిదు దాటినా చాలని అందులో ఉంది. డాక్టరు గారి నిద్ర పరీక్ష కాగితాలు పంపింది. అవి తిరిగొచ్చాయి. పరీక్ష జరుగుతున్న సమయంలో పాలసీదారు నిద్రలో ఉన్నందున, అక్కడ జరిగినదానికి ఆయన సాక్ష్యం చెల్లదట. మెలకువగా ఉన్నప్పుడు చేసిన నిద్ర పరీక్ష ఫలితాలు జతచేయాలట.

ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తుండగా, సాంబమూర్తి గారు స్కూటరు మీద కొట్టుకు వెళ్తూ కాలువ గట్టు మీద నిద్రపోయారు. స్కూటరు మేలుకునే ఉంది కాబట్టి ముందుకే వెళ్లి, కాలువలోకి దిగింది. వెనకాల చెరుకు ట్రాక్టరు నడుపుకుంటూ వస్తున్న మరియదాసు దూకి ఆయన్ని గట్టెక్కించాడు.

“నీళ్లలో పడ్డాక కూడా వెంటనే లేవలేదండీ మనిషి,” అని మరియదాసు ఆసుపత్రిలో వెంకటరావమ్మ గారికి చెప్పాడు. “నేను పోయారనుకున్నానమ్మా.” ఆవిడ అతని తడి చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కుడికాలు రెండుచోట్ల విరిగింది. కాలి వైద్యానికి పెట్టిన అర్జీకి మాత్రం సంస్థ ఆ రోజే జవాబిచ్చింది. ‘పాలసీదారుకు నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బు ఉన్నట్లు మా రికార్డుల వల్ల స్పష్టమవుతున్నది. దానికి చికిత్స చేయించుకోకుండా వాహనం నడపడం ఆయన నిర్లక్ష్యం. కావున చెల్లించజాలము.’

ప్రత్యూష ఆ జవాబు చదివి ఏడవలేదు. జబ్బు ఉందని వాళ్లే రాసిచ్చారు కదా అని, దాన్నే ఆధారంగా చూపి అప్పీలు చేసింది. సంస్థ ఇరకాటంలో పడింది. ఇరకాటంలో పడ్డ సంస్థలు చేసే పనే చేసింది. సంఘం వేసింది.

విజయవాడ కార్యాలయంలో విచారణ. పిండికట్టు కాలితో సాంబమూర్తి గారిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. సంఘాధ్యక్షులు రామకోటేశ్వరరావు గారు నిబంధనావళి పీఠిక నుంచి చదవడం మొదలుపెట్టారు. గదిలో ఏసీ చల్లగా ఉంది. రెండో పేజీకి సాంబమూర్తి గారి గడ్డం ఛాతీకి ఆనింది. గురక లేచింది. గోడలు అదిరాయి. ఉన్నట్టుండి ఆగిపోయింది.

సాంబమూర్తి గారి పెదాలు నల్లబడుతున్నాయి. సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భానుచందర్ కుర్చీలోంచి సగం లేచి, అధ్యక్షుల వారు లేవలేదని గమనించి ఆగాడు.

వెంకటరావమ్మ గారు వెళ్లి రెండు చేతులతో భర్తను కుదిపారు. ఒకసారికి రాలేదు. “ఏమండీ,” అంటూ మళ్లీ కుదిపారు. నీళ్లలోంచి తేలినవాడిలా ఆయన ఊపిరి అందుకున్నారు.

“చూశారు కదండీ,” అంది ప్రత్యూష.

“చూశామమ్మా. అన్నీ రికార్డు చేస్తాం,” అన్నారు అధ్యక్షులు.

చేశారు. తీర్పు వారంలో వచ్చింది. ‘విచారణ జరుగుతుండగా పాలసీదారు గాఢంగా, ప్రశాంతంగా నిద్రించినట్లు సభ్యులందరూ కళ్లారా చూశారు. ఆయనకు నిద్రకు సంబంధించిన ఇబ్బంది ఏదీ లేదని సంఘం ఏకగ్రీవంగా నిర్ధారించింది.’

ఆ సాయంత్రమే వెంకటరావమ్మ గారు కొట్టు పక్కనున్న తమ స్థలాన్ని అమ్మకానికి పెట్టారు. సాంబమూర్తి గారు వద్దనబోతే, “మీరు ఊపిరి తీసుకోండి చాలు, మిగతావి నేను చూసుకుంటా,” అన్నారు. డాక్టర్ స్టెల్లా గారు ఆపరేషన్ చేశారు. ఏడాది తిరిగేసరికి సాంబమూర్తి గారు సగానికి సగం తగ్గారు. రాత్రిళ్లు ఊపిరి ఆగడం లేదు. వెంకటరావమ్మ గారు మాత్రం అలవాటు పోక మొదట్లో లేచి చూసేవారు. ఇప్పుడు ఆవిడే గురక పెడుతున్నారని ఆయన ఫిర్యాదు.

ఈమధ్యే పాలసీ రెన్యువల్ అయింది. పొట్టకు ఆపరేషన్ జరిగింది గనుక దానికి, కుడికాలు విరిగింది గనుక దానికి, నిద్ర వివాదాస్పదం గనుక దానికి ఇకమీదట బీమా వర్తించదు. మిగిలిన శరీరానికి మాత్రం సంపూర్ణ రక్షణ ఉంది. అందులో ఏ జబ్బూ లేదని సంస్థ ముందుగానే డాక్టరు చేత పరీక్ష చేయించి నిర్ధారించుకుంది.